దారి తప్పిన కెమెరా

రెండు గ్రాఫిక్స్ కార్డుల్లో ఏది మంచిదని అడిగితే అందరూ ముందు చూసేది వేగం. సెకనుకి ఎన్ని ఫ్రేములు? అది అంకె కాబట్టి వాదన త్వరగా తెగిపోతుంది. బొమ్మ నాణ్యత గురించిన వాదన అలా తెగదు. పక్కపక్కన పెట్టి చూడాలి, మళ్ళీ చూడాలి. పుస్తకాల గురించి రాసే అలవాటు వల్ల కాబోలు, నాకు ఈ రెండో పనే ఇష్టం. ఈ పోలికల చరిత్రలో మూడు సంగతులు నాకు తరచూ గుర్తొస్తుంటాయి.

2001లో ఏటీఐ వాళ్ళ రేడియాన్ 8500 కార్డు క్వేక్ 3 ఆటని చాలా వేగంగా నడిపింది. సమీక్షకులు ఆ ప్రోగ్రామ్‌లో ‘క్వేక్’ అన్న పేరుని ‘క్వాక్’ అని మార్చి చూశారు. వేగం తగ్గింది, మసకగా ఉన్న టెక్స్చర్లు తేటపడ్డాయి. ఆట పేరు కనబడగానే డ్రైవర్ బొమ్మ నాణ్యత తగ్గిస్తోందన్నమాట.

2003లో ఎన్విడియా వంతు వచ్చింది. 3డీమార్క్03 అనే పరీక్షలో కెమెరా ఎప్పుడూ ఒకే దారిలో వెళ్తుంది. జీఫోర్స్ ఎఫ్ఎక్స్ డ్రైవర్ ఆ దారిని ముందే లెక్కేసుకుని, అక్కడ్నించి కనబడని భాగాలు గీయడం మానేసింది. కెమెరాని దారి తప్పించి పక్కకి తిప్పితే చెదిరిపోయిన బొమ్మ బయటపడింది.

మూడోది 2004లో, మళ్ళీ ఏటీఐదే. దూరంగా కనబడే వాటికోసం ప్రతి టెక్స్చర్‌ని చిన్న సైజుల్లో కూడా చేసిపెట్టుకుంటారు. ఒక సైజు నుంచి ఇంకోదానికి మారేచోట అతుకు కనబడకుండా కలపాలి. ఎలా కలుపుతోందో చూడ్డానికి సమీక్షకులు ఒక్కో సైజుకి ఒక్కో రంగు వేసేవారు. ఎక్స్800 కార్డు, రంగులు వేసిన టెక్స్చర్లని పూర్తిగా కలిపేది, మామూలు ఆటలో చాలాచోట్ల తక్కువ కలిపి సరిపెట్టేది. ఇన్‌స్పెక్టర్ వచ్చే రోజున గోడలకి సున్నం కొట్టుకునే బడిలాగా.

‘కంటికి తెలీని తేడాతో పనేంటి?’ అనొచ్చు. గట్టి ప్రశ్నే. నిజానికి ఆటల గ్రాఫిక్స్ అంటేనే తక్కువ గీసి ఎక్కువ అనిపించడం. దానితో నాకు పేచీ లేదు. గీసింది ఎవరికోసం అన్నదే నా పేచీ. పై మూడిట్లోనూ కార్డు లెక్కలో ఉన్నది ఆడేవాడు కాదు, పరీక్షించేవాడు. అవార్డు కమిటీని ఊహించుకుని రాసిన నవల చదివినప్పుడు కలిగే చిరాకు కూడా ఇదే.

ఇప్పుడు దాపరికం తక్కువ, చిక్కు ఎక్కువ. 4కే తెర మీద సుమారు 83 లక్షల పిక్సెళ్ళుంటాయి. ఎన్విడియా డీఎల్ఎస్ఎస్‌ని పర్ఫార్మెన్స్ మోడ్‌లో పెడితే కార్డు నిజంగా గీసేది అందులో నాలుగో వంతు. మిగతాది పాత ఫ్రేముల సాయంతో చేసిన ఊహ. ఏఎమ్‌డీ ఎఫ్ఎస్ఆర్ ఊహ వేరుగా ఉంటుంది. ఒక్కోసారి సన్నటి తీగలు పూర్తిగా గీసిన బొమ్మలో మిణుకుమిణుకుమంటాయి, ఊహించిన బొమ్మలో నిలకడగా ఉంటాయి. అప్పుడు దేన్ని ప్రమాణంగా పెట్టుకోవాలి? ఒక్కో పిక్సెల్‌కి చాలా శాంపిళ్ళు తీసి, తీరిగ్గా గీసిన బొమ్మనే పెట్టుకోవాలి. ఆట నడిచే వేగంలో అది ఏ కార్డుకీ సాధ్యం కాదు. అయినా, ఎవరు ఎంత దూరంలో ఉన్నారో చెప్పడానికి పనికొస్తుంది.

అందుకే పోలిక కోసం పెట్టే స్క్రీన్‌షాట్లని నేను పెద్దగా నమ్మను. కదలకుండా ఉన్న బొమ్మలో అందరూ బుద్ధిమంతులే. ఇనుప కంచె దగ్గరికెళ్ళి కెమెరాని ఒక్కసారిగా తిప్పాలి. పరిగెత్తే మనిషి వెనకాల నీడలాంటి చార మిగిలిందేమో చూడాలి. పరీక్ష పెట్టేవాళ్ళు ఎటు చూస్తారో కంపెనీలకి తెలుసు. ఆడేవాళ్ళు ఎటు తిరుగుతారో మాత్రం తెలీదు.