కేప్ కాడ్ కాలువ గట్టున

అమెరికాలోని బోస్టన్ నగరం నుండి దక్షిణ దిశగా గంటకు పైగా ప్రయాణిస్తే, మాసచుసెట్స్ రాష్ట్రపు నేల మోచేయి వంచిన చేతిలా సముద్రంలోకి చొచ్చుకుపోయి కనిపిస్తుంది. దాని పేరు కేప్ కాడ్. ఆ చేతికి భుజం వంటి చోట నేలను కోసి ఒక కాలువ తవ్వారు. 1914లో ఓడల రాకపోకలకు తెరచిన ఆ కాలువ నేల మీద ఏడు మైళ్ల పొడవు, 480 అడుగుల వెడల్పు ఉంటుంది. మా అమ్మాయి, అల్లుడు ఆ పరిసరాల్లోనే నివసిస్తున్నారు. గత జూన్‌లో వారిని చూడడానికి వెళ్లినప్పుడు, సెలవు రోజు వేకువన అల్లుడు మమ్మల్ని అక్కడికి తీసుకువెళ్లాడు. వెంట పదేళ్ల మనవడు. "స్ట్రైపర్ పడితే మధ్యాహ్నానికి పులుసే" అని ముందురాత్రే ఇంట్లో చెప్పి బయలుదేరాము.

స్ట్రైపర్ అంటే స్ట్రైప్డ్ బాస్ అనే చేప. వెండిరంగు ఒంటి మీద మొప్పల నుండి తోక దాకా ఏడెనిమిది నల్లని గీతలు గీసినట్టు ఉంటాయి. మన పులస వరదకాలంలో సముద్రం విడిచి గోదావరికి ఎదురీదినట్లే, ఇదీ వసంతంలో గుడ్లు పెట్టడానికి మంచినీటిని వెతుక్కుంటూ వస్తుంది. చెసాపీక్ అఖాతంలోకి పారే నదులు, హడ్సన్, డెలావేర్ నదులు దీని పుట్టిళ్లు. గుడ్లు పెట్టిన పిదప పెద్ద చేపలు తీరం వెంబడి ఉత్తరానికి సాగి, వేసవిని మాసచుసెట్స్, మెయిన్ తీరాలలో గడుపుతాయి. ముప్పై ఏళ్ల వరకు బ్రతకగలవు. గాలానికి చిక్కిన వాటిలో ప్రపంచ రికార్డు 2011లో కనెటికట్ రాష్ట్రపు తీరంలో పట్టిన చేపది. దాని బరువు 81 పౌండ్ల పైమాటే, అంటే దాదాపు 37 కిలోలు.

మేము గట్టు చేరేసరికి ఇంకా చీకటిగానే ఉన్నది. కాలువ పొడవునా రెండు వైపులా బాట ఉంది. గాలపు కర్రలు కట్టిన సైకిళ్ల మీద మనుషులు నిశ్శబ్దంగా సాగిపోతున్నారు. ఆ కాలువలో పడవ మీద నుండి చేపలు పట్టడం నిషిద్ధం. కాబట్టి ధనికుడైనా, కూలివాడైనా ఆ రాళ్ల మీదే నిలబడాలి. మేము ఒక మూల ఫజ్ర్ నమాజు ముగించుకుని నీటి అంచుకు దిగాము.

అక్కడి నీరు మామూలు కాలువ నీటిలా నిలకడగా ఉండదు. ఒక కొసన ఉన్న కేప్ కాడ్ బేలో పోటు ఎక్కువ ఎత్తు లేస్తుంది, మరో కొసన ఉన్న బజర్డ్స్ బేలో తక్కువ. రెండు చోట్లా పోటు వచ్చే వేళలు కూడా వేరు. ఆ తేడా వలన కాలువ నీరు సుమారు ఆరు గంటలకొకసారి దిశ మార్చుకుని నదిలా పరుగెడుతుంది. చిన్న చేపలు ఆ వడికి కొట్టుకుపోతుంటే స్ట్రైపర్లు రాళ్ల చాటున కాచుకుని ఉంటాయి. ఈ వ్యాపకం రుచి మరిగినవారు గడియారాన్ని కాక నీటిని చూసి నిద్రలేస్తారు. ఏ వేళకు నీరు తిరుగుతుందో, గాలి ఎటు వీస్తోందో, పక్షులు ఎక్కడ వాలుతున్నాయో గమనిస్తారు. చేప చిక్కని రోజులే ఎక్కువైనా మళ్లీ మళ్లీ వస్తారు. రెండు గంటలు నిలబడ్డాక మాకూ కొంత అర్థమయింది. ఆ రెండు గంటలలో మేము ఫోను ముట్టుకోలేదు. ఇంట్లో కుదురుగా కూర్చోని మనవడు నీటి మీది ప్రతి సుడినీ చూపించి మాట్లాడాడు.

తెల్లవారుతుండగా వాడి గాలపు కర్ర వంగింది. తండ్రి వెనుక నిలిచి నడుము పట్టుకున్నాడే తప్ప కర్రను అందుకోలేదు. కొంతసేపటి పెనుగులాట తరువాత రాళ్ల మధ్యకు వచ్చిన చేపను చూసి మేము నివ్వెరపోయాము. అల్లుడు చేతులు తడుపుకుని, దాని కింది దవడ పట్టి, కొలత పట్టీని కొడుకు చేతికిచ్చాడు. వాడు చదివాడు: ముప్పై నాలుగు అంగుళాలు.

అక్కడి నియమం ఇది: ఒక మనిషి రోజుకు ఒక్క చేపనే ఉంచుకోవాలి. అది 28 అంగుళాలకు తగ్గరాదు, 31 అంగుళాలకు చేరరాదు. "నానా, మూడు అంగుళాలే కదా ఎక్కువ" అన్నాడు మనవడు. నిజం చెప్పాలంటే మాకూ అదే తోచింది. మా దగ్గరలో ఎవరూ లేరు. వెలుగు ఇంకా పలుచగానే ఉన్నది. అల్లుడు మాత్రం చేపను నీటిలోకి దించి, మూతి ప్రవాహానికి ఎదురుగా ఉండేలా పట్టుకున్నాడు. మొప్పలు ఆడాయి. తోక ఒక్కసారి బలంగా కొట్టి అది వెళ్లిపోయింది. మనవడి కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఆ మూడు అంగుళాల వెనుక పెద్ద కథ ఉన్నది. ఒకప్పుడు ఈ చేప ఎంత సమృద్ధిగా ఉండేదంటే, దానిని పొలాలకు ఎరువుగా వేయరాదని 1639లోనే మాసచుసెట్స్ బే వలస పాలకులు శాసనం చేయవలసి వచ్చింది. 1670లో పొరుగున ఉన్న ప్లిమత్ వలస, ఈ చేపతో పాటు మరి కొన్నింటి వేట మీద వచ్చే ఆదాయాన్ని ఒక ఉచిత పాఠశాలకు కేటాయించింది. అంతటి సంపద కూడా 1970ల చివరికి మితిమీరిన వేటతో అడుగంటింది. 1984లో అమెరికా కాంగ్రెస్ దీని రక్షణకై ప్రత్యేక చట్టం చేసింది. మేరీలాండ్ రాష్ట్రం 1985 నుండి ఐదేళ్లపాటు ఈ వేటను పూర్తిగా ఆపివేసింది. 1995 నాటికి చేపలు మళ్లీ నిండాయి. మనిషి మళ్లీ మరచాడు. 2019లో నిల్వలు ప్రమాదస్థాయికి పడిపోయాయని తేలింది. 2015లో పుట్టిన బలమైన తరం గుడ్లు పెట్టేందుకు మిగలాలనే 2023లో ఆ 31 అంగుళాల గీత గీశారు. పెద్ద ఆడచేప ఒక్కటే లక్షలకొద్దీ గుడ్లు పెడుతుంది. మేము పులుసుకు ఆశపడ్డది అటువంటి తల్లికే కావచ్చు.

అయితే ఆ ఉదయం మరొక దృశ్యమూ చూశాము. కొంత దూరంలో ఒకరికి చిన్న చేప పడింది. గాలం గొంతులో దిగి నెత్తురు కారుతున్నది. పొడవు చాలదు గనుక ఆయన నియమం ప్రకారం వదిలేశాడు. అది వెల్లకిలా తేలుతూ కొట్టుకుపోయింది. వదిలిన ప్రతి నూరు చేపలలో సుమారు తొమ్మిది చనిపోతాయని నిపుణుల లెక్క. సముద్రపు వేట మనకు ధర్మసమ్మతమే. కాని ప్రాణమున్న దానిని గురిపెట్టే ఆటవస్తువుగా చేసుకోరాదన్న ప్రవక్త (స) హితవు ఆ క్షణాన గుర్తుకువచ్చి మనసు కలుక్కుమన్నది. తినడానికి పట్టే వేట, పట్టి వదలడానికే ఆడే వినోదం ఒకటేనా?

అల్లుడిని అడిగాము. అతడు వాదించలేదు. తన గాలం చూపించాడు. దానికి ఒకే కొక్కెం, మొన వద్ద ఉండే ఎదురుముల్లు పటకారుతో నొక్కివేసి ఉన్నది. నీరు బాగా వేడెక్కిన రోజులలో రాననీ, తగిన చేప ఒక్కటి దొరికితే కర్ర మడిచేస్తాననీ అన్నాడు. "దొరకకపోతే?" అన్నాము. "నీరు తిరిగే దాకానే" అన్నాడు. మా సందేహం పూర్తిగా తీరలేదు. కాని లెక్కలేనన్నిసార్లు విసిరి, లెక్కలేనన్ని వదలడాన్ని గొప్పగా చెప్పుకునే వేటకూ దీనికీ ఉన్న దూరం తెలిసింది. ఆ తరువాత కాసేపటికే నీరు నిలిచి, దిశ మార్చుకోసాగింది. కర్రలు మడిచాము.

ఇంటికి చేరేసరికి మా శ్రీమతి చింతపండు నానబెట్టి, ఉల్లిపాయలు తరిగి సిద్ధంగా ఉన్నారు. "చేప ఏది?" అన్నారు. మనవడు రెండు చేతులూ చాపి, "ఇంత ఉంది నానీ, మూడు అంగుళాలు ఎక్కువ!" అన్నాడు. వాడి కంట నీరు లేదు సరికదా, కాస్త గర్వం కూడా కనిపించింది. ఆ పూట ఆ పులుసులో కోడిగుడ్లు వేసుకుని అందరమూ తిన్నాము.