అర షీటు

సెప్టెంబరు 1, 2025, సోమవారం. భీమవరం.

పింఛను రోజు. తెల్లారేసరికి ఇళ్ళ దగ్గర పంచేశారు. ఎనిమిదింటికల్లా మందుల కొట్టు ముందు జనం. మామ్మగారు ఒకరు నాలుగు వేలూ కొంగున ముడేసుకుని వచ్చారు. ముందు పాత బాకీ తీర్చారు. తర్వాత బీపీవి ఒక షీటు, షుగరువి ఒక షీటు. "పదిహేను రోజులకి చాలు బాబూ. ఆపైన చూద్దాం."

చీటీలో ముప్పై రోజులకని రాసి ఉంది.

సెప్టెంబరు 3

షీటు కత్తిరించడానికో పద్ధతి ఉంది. బ్యాచి నంబరు, ఎక్స్‌పైరీ తేదీ ఉన్న కొస కొట్లోనే మిగలాలి. అందుకని రెండో కొస నుంచి కత్తిరిస్తాం. నాలుగు బిళ్ళలు కొనుక్కున్న మనిషి చేతికి పేరు సగం తెగి, తేదీ లేని ముక్క వెళ్తుంది. ఈమధ్య కవరు మీద మందు పేరూ తేదీ పెన్నుతో రాసిస్తున్నాను. ప్రతి కొట్లోనూ రాయాలి. అర నిమిషం పని.

సెప్టెంబరు 5

కత్తిరించి అమ్మలేనివి: ఇన్‌హేలరు, కంటి చుక్కలు, ఇన్సులిన్ సీసా, థైరాయిడ్ బిళ్ళల డబ్బా. ధర విని "మళ్ళీ వస్తానండి" అని వెళ్ళిపోయేది ఎక్కువగా వీటి దగ్గరే.

కొడుక్కి ఉబ్బసం. తండ్రి ఇన్‌హేలరు ధర అడిగి, సాల్బుటమాల్ బిళ్ళలు తీసుకెళ్ళాడు. అవి చవక. వాటితో చేతులు వణుకుతాయి, గుండె దడ వస్తుంది. చెప్పాను. "తెలుసండి. రాత్రి పడుకుంటే చాలు" అన్నాడు.

సెప్టెంబరు 8

రొయ్యల ఫ్యాక్టరీలో తలలు తీసే పనికి వెళ్ళే ఆమె. ఐసు నీళ్ళలో నాని నాని వేళ్ళ సందుల్లో పుళ్ళు. "అమెరికా వాళ్ళు పన్నేశారంట కదండీ. వారంలో నాలుగు రోజులే పిలుస్తున్నారు." ఆగస్టు 27 నుంచి ఆ సుంకం 50 శాతం. అక్కడ వేసిన పన్ను ఇక్కడ ఈమె చీటీలో ఒక గీతయింది: పూత మందు చిన్న ట్యూబు చాలంది, మింగే బిళ్ళలు కొట్టేయమంది. పదో తారీకున డ్వాక్రా వాయిదా ఉంది.

సెప్టెంబరు 11

డ్వాక్రా వాయిదా. చీటీ పాట. కరెంటు బిల్లు. గ్యాసు బండ. స్కూలు ఫీజు. ఇవి ఆలస్యమైతే ఎవరో ఒకరు గుమ్మంలోకొచ్చి అడుగుతారు. బీపీ బిళ్ళ మానేస్తే ఎవరూ రారు. చాలాకాలం ఏమీ కాదు కూడా.

సెప్టెంబరు 13

భార్యాభర్తలు. ఆయన పేరున రాసిన అమ్లోడిపిన్ ఇద్దరూ వేసుకుంటున్నారు, రోజు విడిచి రోజు. ఆమె ఇంతవరకు డాక్టరుకి చూపించుకోలేదు. "ఆయనకి పడింది కదండీ, నాకూ పడుద్ది." బీపీ చూశాను. ఆయనకంటే ఆమెకే ఎక్కువ.

సోమవారం పెద్దాసుపత్రికి వెళ్ళమ్మా, చూసినందుకు డబ్బు తీసుకోరు, బిళ్ళలూ అక్కడే ఇస్తారు అన్నాను.

"ఆయ్. సోమవారం కలుపుకి పిలిచారండి."

సెప్టెంబరు 16

ఆటో నడిపే మనిషి. మూడేళ్ళ కిందట స్టెంటు వేశారు, కార్డు మీద. ఒక్క రూపాయి తీసుకోలేదన్నాడు. 2007లో ఆరోగ్యశ్రీ రాకపోయి ఉంటే ఇలాంటివాళ్ళలో ఎంతమంది మిగిలేవారో. మొదట్లో మందులూ అక్కడే ఇచ్చారు. ఇప్పుడు కొనుక్కోవాలి. క్లోపిడోగ్రెల్, ఆస్పిరిన్, అటోర్వాస్టాటిన్.

"వీటిలో ఏది మానేస్తే పర్లేదో చెప్పండి."

అది నేను చెప్పకూడదు. డాక్టర్ని అడగమన్నాను. డాక్టరు ఫీజు ఆయన నెల మందుల ఖర్చుకంటే ఎక్కువ. ఎవరో ఒకరు ఈ ప్రశ్న అడగని రోజు లేదు. మూడు రాస్తే రెండింటికే డబ్బుంటుంది. ఆ మూడోది ఏదన్నది ఇంట్లోనే తేల్చుకుంటున్నారు.

సెప్టెంబరు 18

ఇన్సులిన్ సీసా కోసం కూతురు వచ్చింది. తల్లికి షుగరు తగ్గట్లేదని డాక్టరు డోసు పెంచారట. పెంచినా తగ్గట్లేదట. సీసా ఎక్కడ పెడుతున్నారని అడిగాను. ఫ్రిజ్జు లేదు, తడి ఇసుకలో కుండ, కుండలో సీసా. సరిగ్గానే చేస్తున్నారు. సూది చూపించమన్నాను. నారింజ రంగు మూత.

మా దగ్గర కొన్న సీసా మిల్లీలీటరుకి 40 యూనిట్లది. దానికి ఎర్ర మూత సూది వాడాలి. నారింజ మూతది 100 యూనిట్ల ఇన్సులిన్‌కి. పక్కింటివాళ్ళ దగ్గర మిగిలినవి ఊరికే ఇచ్చారట, కొనే పని తప్పిందని ఇవే వాడుతున్నారు. దాంతో 20 గీతదాకా లాగితే ఒంట్లోకి పోయేది 8 యూనిట్లే. ఇన్నాళ్ళూ సగంకంటే తక్కువ.

ఎర్ర మూత సూది చేతిలో పెట్టి పంపేస్తే ఇంకా ప్రమాదం. పెంచిన డోసంతా ఒక్కసారిగా పడుతుంది. షుగరు పడిపోయి మనిషి లేవకపోవచ్చు. అమ్మాయిని కూర్చోబెట్టి డాక్టరుకి ఫోను చేశాను. ఆయన రోగుల మధ్య ఉన్నారు. ఆగాం. చివరికి ఆయనే మాట్లాడి డోసు తగ్గించి చెప్పారు. కాగితం మీద పెద్దక్షరాలతో రాసి, ఎర్ర మూత సూదులు ఇచ్చాను. ఉన్న నారింజవి తెచ్చి నాకిచ్చేయమన్నాను.

సూది ఖరీదు కొద్ది రూపాయలు.

సెప్టెంబరు 22

ఇవాళ్టి నుంచి చాలా మందుల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. పాత సరుకు మీద పాత ధరే అచ్చయి ఉంది. కొత్త జాబితా చూసి తగ్గించి బిల్లు వేస్తున్నాం. వంద రూపాయలది 93.75. ఒకాయనకి 640 కావాల్సింది 600 అయింది. ఆ నలభైతో కిందటి నెల మానేసిన కాల్షియం బిళ్ళలు అడిగారు.

సంతోషంగానే ఉంది. 2023 ఏప్రిల్ కూడా గుర్తుంది. అత్యవసర మందుల జాబితాలోని వాటి గరిష్ఠ ధరలు ఆ ఒక్క ఏడే 12 శాతం పైన పెంచుకోనిచ్చారు. జాబితాలో లేనివాటిని కంపెనీలు ఏటా 10 శాతం దాకా పెంచుకోవచ్చు. ఈ నలభై ఆయన దగ్గర ఎన్నాళ్ళుంటుందో.

సెప్టెంబరు 25

కీళ్ళవాతం ఉన్న ఆమె. మెథోట్రెక్సేట్ వారానికొక్కసారే. దానికి తోడు ఫోలిక్ యాసిడ్. రోజూ వేసుకుంటే ప్రాణం మీదికొస్తుంది, అందుకే ఏ రోజు వేసుకోవాలో కవరు మీద రాసి మళ్ళీ నోటితో చెప్పించుకుంటాను.

ఈ రెండు మందుల వెనకా ఉన్నది యల్లాప్రగడ సుబ్బారావుగారు, అమెరికాలో ఆయన నడిపిన పరిశోధన. 1895లో ఈ భీమవరంలోనే పుట్టారు. ఆమెకి చెప్పాను. "మన ఊరాయనేనా!" అని కవరు మళ్ళీ తిప్పి చూసుకుంది.

ఈ బిళ్ళల ధర ఆమెకి బరువు కాదు. లివరుకీ రక్తానికీ చేయించాల్సిన పరీక్షలు బరువు. అవి వాయిదా వేస్తోంది.

సెప్టెంబరు 27

జన ఔషధి కేంద్రంలో అదే మందు సగానికంటే తక్కువకి వస్తుందని కొందరికి చెప్తుంటాను. మా యజమానికి తెలుసు. ఏమీ అనరు. మంచి మనిషి.

ఒకామె వెళ్ళి, కొనకుండా తిరిగొచ్చింది. బిళ్ళ రంగు వేరుగా ఉందట. చదువు రాని మనిషి మందుని రంగుతోనే గుర్తుపెట్టుకుంటుంది: పొద్దున పసుపు, రాత్రి గులాబీ. రంగు మారితే ఏది ఎప్పుడో తెలీదు. ఆమె భయంలో న్యాయం ఉంది. కొత్త షీటు తెచ్చుకుంటే కవర్ల మీద పొద్దూ చంద్రుడూ గీసిస్తానన్నాను.

సెప్టెంబరు 30

నెలాఖరు. ఎల్లుండి దసరా. రెండు బిళ్ళలు, మూడు బిళ్ళలు. కత్తెర కింద పెట్టలేదు.

అక్టోబరు 4

కలుపుకి వెళ్ళిన ఆమె పెద్దాసుపత్రికి వెళ్ళొచ్చింది. ఇప్పుడు ఆమె పేరున వేరే చీటీ ఉంది. నెలకి సరిపడా బిళ్ళలు అక్కడే ఇచ్చారట. కొనడానికేమీ లేదు, చూపించడానికి వచ్చింది.

అక్టోబరు 7

ఉబ్బసం కుర్రాడి తండ్రి. ఇన్‌హేలరు ధర మళ్ళీ అడిగాడు. దీపావళి వెళ్ళాక కొంటానన్నాడు. దీపావళి పొగకే వాడికి ఎక్కువవుతుందండీ, ఇప్పుడే తీసుకెళ్ళండి అన్నాను. సగం ఇచ్చాడు. మిగతాది ఖాతాలో రాశాను. స్పేసరు కూడా కొనమంటే రెండూ వదిలేసి వెళ్తాడు. అర లీటరు నీళ్ళ సీసా తెచ్చి, అడుగున ఇన్‌హేలరు మూతి బిగుతుగా పట్టేంత కన్నం ఎలా చెయ్యాలో, సీసా మూతి పిల్లాడి నోట్లో ఎలా పెట్టించాలో చూపించాను. రెండోసారి ఆయనే చేసి చూపించాడు. కన్నం కొంచెం పెద్దదైంది. ఇంకో సీసా ఇచ్చాను.