పాత గదా... ఖాళీ గదా?

పెద్దాయనకి జ్వరం. కొడుకు స్కూటరు మీద క్లినిక్కుకి తీసుకెళ్లాడు. అక్కడ ఇద్దరు డాక్టర్లు. పదేళ్లుగా ఆయన్ని చూస్తున్న డాక్టరుగారి గది ముందు చాంతాడంత వరస. పక్కగదిలో కొత్త డాక్టరు తీరిగ్గా పేపరు తిరగేస్తున్నాడు.

‘‘అటు వెళ్దాం నాన్నా, త్వరగా అయిపోతుంది.’’

‘‘వద్దురా. నాకు ఏ మాత్ర పడదో ఈయనకి తెలుసు. ఆయనకైతే మళ్లీ మొదట్నుంచీ చెప్పాలి.’’

ఇద్దరి మాటలోనూ న్యాయముంది. విచిత్రమేమిటంటే, అచ్చం ఇదే తగువు కంప్యూటర్ లోపల కూడా నడుస్తుంటుంది. అదీ సెకనుకు కొన్ని వందలసార్లు!

కంప్యూటర్లో పనులు చేసేవి ప్రాసెసర్‌లోని కోర్లు. ఏ పని ఏ కోర్‌కి వెళ్లాలో చెప్పే పెద్దమనిషి షెడ్యూలర్. ప్రతి కోర్ పక్కనా ‘క్యాష్’ అనే చిన్న అర ఉంటుంది. పెట్టెలో దాచుకునే క్యాష్ కాదులెండి, చేతికందేంత దగ్గర్లో ఉండే జ్ఞాపకాల అర. ఇందాక వాడిన సమాచారం అందులో సిద్ధంగా ఉంటుంది. కాసేపు ఆగిన పని తిరిగి అదే కోర్‌కి వస్తే చకచకా సాగుతుంది. కొత్త కోర్‌కి వెళితే అన్నీ దూరం నుంచి మళ్లీ తెచ్చుకోవాలి. అందుకే పనిని పాతచోటికే పంపాలనే మొగ్గు షెడ్యూలర్‌కి ఉంటుంది. దీన్నే ప్రాసెసర్ అఫినిటీ అంటారు. పాతగూటి మీద మమకారమన్నమాట.

1991లో ఫిన్లాండ్ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ లైనక్స్ మొదలుపెట్టినప్పుడు ఈ బెడద లేదు. ఇంట్లో కంప్యూటర్‌కి ఉన్నది ఒకే ప్రాసెసర్. తర్వాత ప్రాసెసర్లు పెరిగినా చాలాకాలం అన్నింటికీ కలిపి ఒకటే వరస. 2002లో హంగరీకి చెందిన ఇంగో మోల్నార్ రాసిన కొత్త షెడ్యూలర్ ప్రతి ప్రాసెసర్‌కీ వేరే వరస పెట్టింది. దాంతో మమకారం కుదిరింది. కానీ ఒక వరస పొడుగ్గా, పక్కది ఖాళీగా ఉండే చిక్కూ వచ్చిపడింది.

అదెంత చిక్కో 2016 ఏప్రిల్లో లండన్‌లో జరిగిన సదస్సులో బయటపడింది. ఫ్రాన్స్, స్విట్జర్లాండ్, కెనడాల్లోని పరిశోధకులు కలిసి రాసిన పత్రమది. వారు పరీక్షించిన యంత్రంలో 64 కోర్లు... ఎనిమిదేసి చొప్పున ఎనిమిది జట్లు. 64 డేటాబేస్ పనులు నడుస్తుంటే మధ్యలో ఏదో చిల్లర పని దూరింది. సర్దుబాటులో ఒక డేటాబేస్ పని పక్క జట్టుకి వెళ్లింది. అక్కడ ఎనిమిది కోర్లకి తొమ్మిది పనులయ్యాయి. నిద్రపోయి లేచిన ప్రతిసారీ మమకారం కొద్దీ షెడ్యూలర్ వాటిని ఆ జట్టులోనే కూర్చోబెడుతోంది. అవతల పాత జట్టులో ఒక కోర్ గోళ్లు గిల్లుకుంటోంది! పైగా ఆ పనులన్నీ ఒకదాని కోసం ఒకటి ఆగేవి. ఇంటిల్లిపాదీ వస్తేనే విస్తరి వేస్తామన్నట్టు, ఒకటి ఆలస్యమైతే అన్నీ ఆలస్యమే.

యంత్రం ఆగిపోలేదు, తప్పు జరిగిందని చెప్పనూ లేదు. నెమ్మదించిందంతే. మామూలు పరికరాలకి ఆ ఖాళీ క్షణాలు చిక్కవు. వాటిని చూడటానికి పరిశోధకులు సొంతంగా పనిముట్టు తయారుచేసుకోవాల్సి వచ్చింది.

మరి మందు? లేచిన పనికి పాత కోర్ ఖాళీగా ఉంటే అక్కడికే పంపు. లేదంటే ఎక్కువసేపటి నుంచి ఖాళీగా ఉన్న కోర్‌కి పంపు. ఆ కాస్త మార్పుతో ఒక రకం డేటాబేస్ ప్రశ్నకి వేగం 20 శాతానికి పైగా మెరుగైంది.

అయితే అలా చేసేయొచ్చుగా? అక్కడే ఉంది తిరకాసు. చాలాసేపు ఖాళీగా ఉన్న కోర్ కరెంటు ఆదా కోసం నిద్రలోకి జారుకుంటుంది. దాన్ని లేపాలంటే సమయమూ, కరెంటూ ఖర్చే. తాళం వేసి ఇంటికెళ్లి పడుకున్న డాక్టర్ని తలుపు తట్టి లేపడం లాంటిదది. అందుకే కోర్లు అలా నిద్రలోకి వెళ్లని చోటే తమ మందు వాడాలని వాళ్లే హద్దు పెట్టుకున్నారు. పెద్ద సర్వర్‌కి పనికొచ్చే మందు, బ్యాటరీ మీద నడిచే ఫోనుకి పడకపోవచ్చు. ఆండ్రాయిడ్ ఫోను లోపల ఉన్నదీ లైనక్సే మరి!

2023 అక్టోబరులో వచ్చిన లైనక్స్ 6.6లో పనుల వంతులు చూసే పద్ధతి మారింది. కానీ పాతచోటా, ఖాళీచోటా అన్న ప్రశ్న తీరలేదు.

ఆ పత్రం చెప్పిన అసలు సంగతి ఒకటుంది. క్యాష్ బాగా వాడాలనీ, కరెంటు మిగల్చాలనీ ఒక్కొక్కరూ ఒక్కో మంచి సవరణ చేర్చుకుంటూ పోయారు. విడివిడిగా చూస్తే అన్నీ సబబే. అన్నీ కలిసేసరికి మొదటి సూత్రమే మరుగునపడింది... పని ఎదురుచూస్తుంటే చెయ్యి ఖాళీగా ఉండకూడదని! మమకారం మంచిదే. కాకపోతే అది సలహాగా ఉండాలి, శాసనంగా కాదు.

క్లినిక్‌లో పెద్దాయన ఇంకా కూర్చునే ఉన్నాడు. కొడుకు నుదుటి మీద చెయ్యివేసి చూశాడు. కాలిపోతోంది. ఇక అడగలేదు. పాత మందుచీటీలన్నీ చేతిలోకి తీసుకుని, తండ్రిని లేవదీసి పక్కగదిలోకి నడిపించాడు.