అక్షరములు తడబడు బిడ్డ - మన బాధ్యత

మన ప్రాంతమున చదువురాని బిడ్డకు లోకము పెట్టు పేర్లు రెండే. ఒకటి సోమరి, రెండవది మొద్దు. ఈ రెండును కాని బిడ్డ వెనుక బల్లపై మౌనముగా కూర్చుండియుండుట పలువురు గమనింపరు. వాడు పాఠము వినును, గ్రహించును, అడిగిన నోటితో చెప్పును. పుస్తకము తెరచి చదువుమన్నచో మాత్రము అక్షరములు కలగాపులగమగును. అట్టి బిడ్డను గూర్చియు, వాని కొరకు బడిని అడుగవలసిన తీరును గూర్చియు నాలుగు మాటలు వ్రాయదలచితిమి.

ఈ తడబాటు నేడు పుట్టినది కాదు. 1896లో ప్రింగిల్ మోర్గన్ అను ఆంగ్లేయ వైద్యుడు పదునాలుగేండ్ల బాలుని గూర్చి బ్రిటిష్ మెడికల్ జర్నల్ పత్రికలో వ్రాసెను. బాలుడు చురుకైనవాడే, కాని చదువలేడు. పాఠములన్నియు నోటితోనే చెప్పినచో బడిలో వానిని మించినవాడుండడని వాని ఉపాధ్యాయుడే అభిప్రాయపడెను. దీనినే నేడు డిస్లెక్సియా అందురు. చూపు, వినికిడి, బుద్ధి సరిగా నున్నను అక్షరమును ధ్వనితో జోడించుటలో కలుగు చిక్కు ఇది. బెత్తము దీనికి మందు కాదు. "మొక్కై వంగనిది మానై వంగునా" అను సామెత ఇచ్చట పనికిరాదు.

ఈ సంగతి మా ఇంటనే మాకు ఎదురైనది. మా చెల్లెలి కుమారుడు నాలుగవ తరగతి చదువుచున్నపుడు, మక్తబులో ఉస్తాద్ ఒకసారి వినిపించిన సూరాను రెండు దినములలో తప్పు లేకుండ అప్పగించెడివాడు. ఖాయిదా తెరచిన వ్రేలు కదలెడిది కాదు. బడిలో తెలుగు వాచకము ముందును అదే స్థితి. సోమవారము వచ్చినచో కడుపునొప్పి అనెడివాడు. "భాయిజాన్, వీడు సోమరి కాదు. నా మాట ఎవరును నమ్మరు, మీరైనా వచ్చి చెప్పండి" అని మా చెల్లెలు కంట తడి పెట్టెను.

మా కుప్పము మూడు రాష్ట్రములు కలియు చోటు. వీధిలో తెలుగు, తమిళము, కన్నడము వినిపించును. మా ఇండ్లలో ఉర్దూ. 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయము వెలసినది ఇచ్చటనే. పలు భాషలు మాట్లాడుట వలన ఈ చిక్కు పుట్టదు. కాని చిక్కు గల బిడ్డకు పలు లిపులు పలు మెట్లు. ఉర్దూ కుడినుండి ఎడమకు సాగును. బే, పే, తే, సే అను అక్షరములకు భేదము చుక్కలలోనే యున్నది. తెలుగు ఎడమనుండి కుడికి సాగును. ప, వ లకును, మ, య లకును పోలిక యున్నది. పైన గుణింతములు, క్రింద ఒత్తులు. ఇంగ్లీషులో ఒకే అక్షరము పలు ధ్వనులనిచ్చును.

మేము బడికి వెళ్లితిమి. అచ్చటి పెద్దలు మర్యాదగానే మాట్లాడిరి. "సార్, ఒక్కనికి సడలింపు ఇచ్చిన పదిమందీ అడుగుదురు. వేరే బడి చూచుకొనుట మేలు" అనిరి. పొట్టివానిని ముందు బల్లపై కూర్చుండబెట్టినపుడు పొడుగువాడు పక్షపాతమని వాపోవునా? ఈ మాట మేమడిగితిమి. వారు నవ్విరి, కాని ఫలము లేదు.

అప్పుడు చట్టమును తిరుగవేసితిమి. 1995 నాటి చట్టమున ఈ చిక్కునకు స్థానము లేదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము 21 విధముల వైకల్యములను గుర్తించినది. అందు నిర్దిష్ట అభ్యసన వైకల్యము ఒకటి. దానిని వీలైనంత త్వరగా కనుగొని తగిన బోధన చేయవలెనని 16వ సెక్షను చెప్పుచున్నది. పరీక్షలో అదనపు సమయము, వ్రాయుటకు సహాయకుడు, రెండవ, మూడవ భాషల నుండి మినహాయింపు 17వ సెక్షనులో గలవు. మూడవ తరగతిలో గాని, ఎనిమిదవ ఏట గాని, ఏది ముందైన అప్పుడు ఉపాధ్యాయులే తొలి పరిశీలన చేయవలెనని 2018 జనవరి 4 నాటి మార్గదర్శకములు తెలిపినవి.

బిడ్డను సుమారు 100 కిలోమీటర్ల దూరముననున్న బెంగుళూరునకు రైలులో తీసికొనిపోయి పరీక్షలు చేయించితిమి. మొదట కన్ను, చెవి, పిదప బుద్ధి, ఆ పిదప చదువు, వ్రాత, లెక్క. ఆ నివేదికను జతపరచి బడికి లేఖ వ్రాసితిమి. నోటితో అడిగినది ఉపకారముగా మిగులును. కాగితముపై అడిగినదానికి జవాబు రావలెను. తరగతి ఎదుట బిగ్గరగా చదివింపవలదు, ప్రశ్నలు చదివి వినిపింపుడు, పరీక్షకు ఎక్కువ సమయమిండు - ఈ మూడే కోరితిమి. పక్షము దినములకు మూడింటికిని ఒప్పుకొనిరి.

నాలుగవ కోరిక ఇంటిలో తగవైనది. భాషా మినహాయింపు కోరినచో ఏ భాషను వదలవలెను? తెలుగు వదలిన ఊరు పోవును, ఇంగ్లీషు వదలిన ఉద్యోగము పోవునని బావగారు. ఉర్దూ వదలిన నానీమా వ్రాయు ఉత్తరము వానికెవరు చదువుదురని మా చెల్లెలు. చట్టమిచ్చు మినహాయింపు పరీక్షకే గాని భాషకు కాదని మేమంటిమి. మార్కులు వలదు, వినుట ఉండవలెను. నేడు వాడు ఉర్దూ కథలను రాత్రివేళ నానీమా నోట వినుచున్నాడు. తెలుగు మార్కులు ఇంకను తక్కువే. కాని సోమవారపు కడుపునొప్పి లేదు. విజ్ఞాన శాస్త్రమున నోటి ప్రశ్నలకు ముందుగా చేయి ఎత్తునది వాడేయట.

విద్యార్థులారా! మీలో పలువురు రేపు ఉపాధ్యాయులగుదురు. పలకపై అక్షరము తిరగబడిన బిడ్డను కొట్టకముందు ఒక్క ప్రశ్న నోటితో అడిగి చూడుడు. సమగ్ర శిక్ష క్రింద నడచు భవిత కేంద్రములలో ప్రత్యేక ఉపాధ్యాయులు గలరు. తలిదండ్రులకు ఆ దారి చూపుడు.

కళాశాల సంఘము వారికి మా మనవి యొకటి. ఇట్టి బిడ్డలు పెరిగి మన వాకిటికే వత్తురు. ప్రవేశ పత్రమున ఈ సంగతి తెలుపుటకు ఒక గడి ఉంచుడు. పరీక్షలలో వారికి వ్రాసిపెట్టుటకు ముందుకు వచ్చు విద్యార్థుల పట్టికను ఏటేట సిద్ధపరచుడు. ఆ పట్టికను తయారుచేయు పనిని మేము చేయుటకు సిద్ధముగా నున్నాము.