గర్ర్‌మన్న టైరు.. సముద్రం దాకా దారి!

వుడ్‌సైడ్ దాటి కొండ ఎక్కుతున్నాం. రెడ్‌వుడ్ చెట్ల మధ్య రోడ్డు ఒక్కసారిగా కుడికి మెలి తిరిగింది. బావ స్టీరింగ్ తిప్పాడు. ముందు కుడి చక్రం దగ్గర 'గర్ర్..' మని శబ్దం. స్టీరింగ్ తిన్నగా చేయగానే ఆగిపోయింది. తర్వాతి మలుపులో మళ్లీ అదే.

'ఇంక చాల్రా, వెనక్కి పోదాం' అన్నాడు బావ.

కాలిఫోర్నియాలో హైవే 84 అంటే పాత కార్ల పిచ్చి ఉన్నవాళ్లకు గుడి లాంటిది. వుడ్‌సైడ్ నుంచి సుమారు 1,500 అడుగుల ఎత్తుకు చేర్చి, అవతలి వైపు దింపి, నేరుగా పసిఫిక్ ఒడ్డున శాన్ గ్రెగోరియోలో వదిలేస్తుంది. ఆ రోజు మేం సగం కొండ కూడా ఎక్కలేదు.

ఆ కారు కథ

బావ కారు 1972 నాటి డాట్సన్ 240జెడ్. 2.4 లీటర్ల ఇంజిన్, ఆరు సిలిండర్లు, రెండే సీట్లు. జపాన్‌లో దీని పేరు ఫెయిర్‌లేడీ జెడ్. అమెరికాలో నిస్సాన్ వ్యవహారాలు చూసిన యుటాకా కటయామాకు ఆ పేరు నచ్చక, ఇక్కడ 240జెడ్ అని అమ్మించాడు. 1970లో ధర సుమారు 3,500 డాలర్లు. యూరప్ స్పోర్ట్స్ కార్లు కొనలేనివాళ్లంతా దీని మీద పడ్డారు.

బావ నాలుగేళ్ల క్రితం దీన్ని కొన్నప్పుడు అక్క ఒకటే మాట అంది. 'ఇంట్లో నలుగురం. ఇద్దరు పట్టే కారు ఎవరికి?' ఆ తర్వాత అందులో ఎక్కనే లేదు.

ఈ ఏడాది బావ ఉద్యోగం పోయింది. హెచ్-1బి మీద ఉన్నవాళ్లకు అప్పటినుంచి 60 రోజులే గడువు. కొత్త ఉద్యోగం దొరకలేదు. పిల్లల్ని తీసుకుని విజయవాడ వెళ్లిపోదామని ఇద్దరూ నిర్ణయించుకున్నారు. కారు అమ్మేయాలి. అమ్మేలోపు ఒక్కసారి 84 మీద సముద్రం దాకా వెళ్లాలని బావ కోరిక.

పాత టైర్లతో ఆ కొండ ఎక్కడం ప్రమాదం. టైరు పక్కన డాట్ అని రాసి ఉన్న చోట చివరి నాలుగు అంకెలు చూశాం. 2309. అంటే 2009లో 23వ వారంలో తయారైంది. గాడులు బాగానే ఉన్నాయి కానీ పక్కలు పగుళ్లిచ్చాయి. (మీ బండి టైరు మీద కూడా ఈ నాలుగంకెలు ఉంటాయి. ఇప్పుడే చూసుకోండి.)

కొత్తవి ఎలాగూ వేయాలి కదా అని బావ వెడల్పువి తెచ్చాడు. 15 అంగుళాల చక్రాలు, 225/60 టైర్లు. నిలబెట్టి చూస్తే కారు సినిమాలో హీరో కారులా ఉంది. మలుపు తిప్పితే గర్ర్.

ఆటోనగర్ వైద్యం

బావ వాళ్ల నాన్నగారు విజయవాడ ఆటోనగర్‌లో ముప్పై ఏళ్లు లారీ టైర్ల పని చేశారు. వీడియో కాల్‌లో కారు చూపించాం. ఆయన అడిగిన మొదటి ప్రశ్న.. 'తిప్పినప్పుడు వస్తోందా? గుంతలో పడ్డప్పుడు వస్తోందా?'

మాకు తెలీదు. నేను నా కోడ్‌లో బగ్ వస్తే మొదట అడిగే ప్రశ్న కూడా ఇదే. ఎప్పుడు వస్తోందో తెలియకుండా ఏం సరిచేస్తాం?

'ఇంట్లో పసుపుందా? నూనెలో కలిపి రేకు లోపలి అంచుకు పుయ్యండి. ఎక్కడ చెరిగితే అక్కడే తగులుతున్నట్టు' అన్నారు.

అక్క వంటింట్లోంచి పసుపు డబ్బా పట్టుకెళ్తుంటే, 'కారుకి పేరంటమా?' అంది. నాలుగు చక్రాల పైన రేకులకూ పూశాం. ముందు చక్రాన్ని చిన్న ర్యాంప్ మీదికి ఎక్కించి, స్టీరింగ్ ఈ చివర నుంచి ఆ చివరికి తిప్పాం. ఆ తర్వాత డిక్కీలో 20 పౌండ్ల సోనామసూరి బస్తాలు నాలుగు వేసి, ఇద్దరం ఎక్కి, అపార్ట్‌మెంట్ స్పీడ్ బ్రేకర్ మీద మెల్లగా దాటించాం.

రెండు చోట్ల పసుపు చెరిగింది. ముందు, బంపర్ కింది రేకు ఫెండర్‌తో కలిసే మూల. అది స్టీరింగ్ తిప్పినప్పుడు తగిలేది. వెనక, ఫెండర్ లోపలికి మడిచిన అంచు. అది బరువు పడి కారు కిందికి దిగినప్పుడు తగిలేది. శబ్దం ఒకటే. జబ్బులు రెండు!

లెక్క ఇదీ

225/60 అంటే టైరు వెడల్పు 225 మిల్లీమీటర్లు. పక్క గోడ ఎత్తు అందులో 60 శాతం, అంటే 135. పైనా కిందా రెండు గోడలు కాబట్టి 270. 15 అంగుళాల చక్రం 381. కలిపితే ఎత్తు 651 మిల్లీమీటర్లు. ఈ కారుతో ఫ్యాక్టరీ నుంచి వచ్చిన టైరు 175 వెడల్పు, సుమారు 640 ఎత్తు. అంటే వెడల్పు పెరగడమే కాదు, ఎత్తు కూడా పెరిగింది. బావ వెడల్పు ఒక్కటే చూశాడు.

చక్రానికి వెనక స్పేసర్ వేద్దామన్నాను. బావ నవ్వాడు. స్పేసర్ చక్రాన్ని బయటికి తోస్తుంది. లోపల స్ప్రింగ్ దగ్గర తగిలితే అది మందు. మాకు తగిలేది బయటివైపు. ఇంకా ఎక్కువవుతుంది.

రేకు అంచుని వేడిచేసి, రోలర్‌తో లోపలికి మడిచేసే పద్ధతి ఉంది. చాలామంది చేస్తారు. కానీ పాత పెయింట్ పగిలితే, అక్కడినుంచే తుప్పు మొదలవుతుంది. గట్టి స్ప్రింగులు వేయొచ్చు. వాటికి ఖర్చు, పైగా నడుము విరుగుతుంది.

'అమ్మబోయే కారు. రేకు ముట్టుకోను' అన్నాడు బావ. 

ఇక మిగిలింది టైరు తగ్గించడం. అవే చక్రాలకు 205/60 వేస్తే ఎత్తు 627. ఒక్కో పక్క 10, పైన 12 మిల్లీమీటర్లు ఖాళీ దొరుకుతుంది. అయినా ఫ్యాక్టరీ టైరు కంటే 30 మిల్లీమీటర్లు వెడల్పే. స్పీడోమీటర్ 60 మైళ్లు చూపిస్తే అసలు వేగం దాదాపు 59. పర్వాలేదు.

కొని రెండు వారాలే కాబట్టి షాపువాళ్లు పెద్ద టైర్లను సగం ధరకు వెనక్కి తీసుకున్నారు. ఉద్యోగం లేని నెలలో ఆ మిగతా సగం బావకు బరువే. కానీ ఏమీ అనలేదు. మళ్లీ పసుపు పూశాం, బస్తాలు వేశాం, తిప్పాం. ఈసారి ఎక్కడా చెరగలేదు.

43వ రోజు

శనివారం పొద్దున్నే బయల్దేరాం. ముందు డాట్సన్‌లో నేనూ బావా. వెనక వ్యాన్‌లో అక్కా, పిల్లలూ, పులిహోర గిన్నె.

మొన్న వెనక్కి తిరిగిన మలుపు వచ్చింది. ఇద్దరం మాట్లాడటం మానేశాం. బావ స్టీరింగ్ తిప్పాడు. ఇంజిన్ చప్పుడు తప్ప ఇంకేం లేదు.

పైన స్కైలైన్ కూడలిలో ఆలిసెస్ రెస్టారెంట్ ముందు అప్పటికే బైకులు బారులు తీరాయి. ఒకాయన వచ్చి చక్రాల వంక వంగి చూసి బొటనవేలు ఎత్తాడు. అక్కడినుంచి దిగుడు. లా హోండా వరకు చెట్ల చీకటి. తర్వాత ఒక్కసారిగా గడ్డి కొండలు, ఉప్పు గాలి, పొగమంచు. సుమారు 15 మైళ్లు దిగితే సముద్రం.

శాన్ గ్రెగోరియో ఇసుకలో పులిహోర తిన్నాం. లేచేటప్పుడు అక్క, 'వ్యాన్ నువ్వు తీసుకురారా' అని తాళాలు నా చేతిలో పెట్టి, వెళ్లి డాట్సన్‌లో కూర్చుంది. బావ ఒక్క క్షణం అలాగే నిలబడిపోయాడు.

పెస్కడేరోకి హైవే 1 వదిలేసి స్టేజ్ రోడ్ పట్టాం. ఇరుకు, గతుకులు, మెలికలు. నేను వెనకాల పిల్లలతో వ్యాన్‌లో. ప్రతి గతుకులోనూ ఆ వెనక టైరు రేకులోకి వెళ్లి రావడం చూస్తూనే ఉన్నాను. ఆ ఖాళీ పోలేదు.

పెస్కడేరోలో దిగాక, 'శబ్దం లేదు కదా?' అనడిగాను.

'శబ్దం లేదు. పెట్రోల్ వాసనే' అంది అక్క. బావ పగలబడి నవ్వాడు. 43 రోజుల్లో ఆ నవ్వు వినడం అదే మొదటిసారి.

తర్వాతి వారం కారు అమ్ముడుపోయింది. ఫెండర్ లోపల పసుపు మాత్రం తుడవలేదు. కొన్నాయన అదేంటని అడిగితే, 'మా ఊరి కొలత' అని చెప్పాడట బావ.

వెళ్లాలనుకుంటే..

* వుడ్‌సైడ్ నుంచి హైవే 84 ఎక్కండి. పొద్దున్నే వెళ్తే రోడ్డు ఖాళీగా ఉంటుంది. ఎండాకాలంలోనూ ఒడ్డున చలే. స్వెటర్ తప్పనిసరి.
* శాన్ గ్రెగోరియోలో 1889 నాటి జనరల్ స్టోర్ చూడండి. పెస్కడేరోలో 1894 నాటి డ్యువార్టెస్ టావెర్న్‌లో ఆర్టిచోక్ సూప్ తాగండి.
* కారుకి కొత్త సైజు టైర్లు వేస్తే ఖాళీ కారుతో చూసి సరిపెట్టుకోకండి. మనుషుల్ని, సామాన్లని ఎక్కించి, స్టీరింగ్ పూర్తిగా తిప్పి చూడండి. శబ్దం వస్తే కొండ ఎక్కకండి. రేకు అంచు టైరు పక్క గోడను కోసేస్తుంది.