సంక్రాంతికి బిల్డింగ్ కాపలా

సంక్రాంతికి మన దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ వైపు సగం కాలనీలు విజయవాడ రోడ్డు పట్టుకుని ఊళ్ళకెళ్ళిపోతాయని మీకు తెలుసుగా! పోయినసారి మావాళ్ళూ, వాచ్‌మన్ కూడా వెళ్ళారు. ఎనిమిది వాటాల తాళంచెవులతో నేనొక్కదాన్నే మిగిలాను.

దొంగ ముందు చూసేది ముగ్గులేని గుమ్మం, పోగుపడ్డ పేపర్లు. అందుకే పొద్దున్నే అన్ని గుమ్మాల్లో ముగ్గు పెట్టి, తులసికోటలకు నీళ్ళు పోసి, సాయంత్రం రెండు మూడు వాటాల్లో లైట్లు వేసేదాన్ని. రాత్రి చలిలో మెట్లమీద చిన్న చప్పుడైనా గుండె దడే!

ఒక మధ్యాహ్నం వనస్థలిపురం దగ్గరున్న హరిణ వనస్థలికి వెళ్ళాను. ఒకప్పుడు నిజాం వేటాడిన చోటు, 1975లో కృష్ణజింకలకు రక్షణ ఇచ్చే వనమైంది. మంద మేస్తుంటే ఒక జింక మాత్రం తలెత్తి చుట్టూ చూస్తూనే ఉంది. ‘నువ్వూ నాలాగే!’ అనుకున్నా. ఆ రాత్రి హాయిగా నిద్రపట్టింది.

మీరు ఊరెళ్తే పోలీస్ స్టేషన్లో చెప్పి వెళ్ళండి. తాళంచెవి పుచ్చుకున్న ఆవిడకు నాలుగు అరిసెలు తేవడం మరవకండేం!