మద్యమెరుగని కాలేయం

పెంటపాడులోని మా మామూ మద్యం ముట్టని మనిషి. అయినా కాలేయానికి కొవ్వు పట్టిందన్న స్కానింగ్ రిపోర్టును ఆయన దాచేశారు. ముమానీ రహస్యంగా నాకు చూపారు. లివర్ జబ్బనగానే లోకం తాగుడునే అనుమానిస్తుందని ఆయన భయం.

అధిక బరువు, మధుమేహం కూడా కాలేయంలో కొవ్వును పేరుస్తాయి. తొలిదశలో లక్షణాలు కనిపించవు. అందుకే 2021లో భారత ప్రభుత్వం మద్యంతో నిమిత్తం లేని ఈ వ్యాధిని అసాంక్రమిక వ్యాధుల జాతీయ కార్యక్రమంలో చేర్చింది.

శ్వాస ద్వారా కాలేయ స్థితిని తెలుసుకొనే పద్ధతులపై పరిశోధనలు సాగుతున్నాయి. నారింజ, నిమ్మ తొక్కల్లోని లిమోనీన్ అనే పదార్థాన్ని ఆరోగ్యవంతమైన కాలేయం విచ్ఛిన్నం చేస్తుంది. వ్యాధి ముదిరి కాలేయం గట్టిపడినవారి ఊపిరిలో అది ఎక్కువగా కనిపిస్తుంది. తాగి బండి నడిపేవారిని పట్టిచ్చే ఊపిరే రేపు తాగనివారి జబ్బునూ చెప్పవచ్చు. ప్రస్తుతం మనకు అల్ట్రాసౌండ్, ఫైబ్రోస్కాన్ అందుబాటులో ఉన్నాయి. వీటికీ శరీరాన్ని కోయనవసరం లేదు.

శరీర బరువులో 7 నుంచి 10 శాతం తగ్గితే కాలేయంలోని కొవ్వు, వాపు తగ్గుతాయని వైద్యులు చెబుతారు. మామూ ఫజ్ర్ నమాజు తరువాత నడక మొదలుపెట్టారు. కుమారులకు మాత్రం ఇంకా చెప్పలేదు. వారిలో ఒకరికి షుగర్ ఉంది. దేహం అల్లాహ్ ఇచ్చిన అమానతు. ఆ రిపోర్టు చూడవలసినవారు ముందు ఆ బిడ్డలే.